పాత చైనా రాతి సింహాల జత: చూసి కొనడం, నిలబెట్టడం, కాపాడుకోవడం

గేటుకు అటూ ఇటూ నిలబెట్టడానికో, వరండాలో ఓ పక్కన ఉంచుకోవడానికో పాత చైనా రాతి సింహాలు కొనాలనుకుంటే ముందు ఒక మాట గట్టిగా పట్టుకోండి: రాయి మీదున్న ప్రతి అరుగుకూ, ప్రతి మరకకూ ఒక కారణం ఉండాలి. వాన ఎక్కడ పడుతుంది, చేతులు ఎక్కడ తగులుతాయి, నేల తేమ ఎంతవరకు ఎక్కుతుంది అని ఆలోచిస్తే ఆ కారణం దొరుకుతుంది. ఎంత వెతికినా దొరకకపోతే ఆ పాతదనాన్ని అనుమానించండి. కొన్నాక కూడా ఇదే లెక్క. వందేళ్ల వానకూ ఎండకూ వచ్చిన ఆ అరుగుదలకే మీరు డబ్బు పెట్టారు. దాన్ని ఒక్క పూటలో యాసిడ్‌తో కడిగి పోగొట్టుకోకూడదు.

మొదట, ఏ రకం కావాలో తేల్చుకోండి

పాత సింహాలన్నీ గేటు సింహాలు కావు. సంతలో ప్రధానంగా నాలుగు రకాలు కనిపిస్తాయి.

గుడి, వాడ, పెద్ద ఇంటి వాకిలి ముందు జతగా కూర్చునేవి మొదటి రకం. ఇళ్లకు సరిపడేవి 60 నుంచి 120 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. రెండోది, బీజింగ్ పాత ఇళ్ల గుమ్మాల దగ్గర తలుపు ఇరుసును మోసే రాయి. దాని బయటి భాగం డోలు ఆకారంలో ఉంటే, డోలు మీద చిన్న సింహం పడుకుని ఉంటుంది. మూడోది, షియాన్ నగరం ఉన్న షాన్‌షీ రాష్ట్రంలో గుర్రాలనూ గాడిదలనూ కట్టేసిన రాతి గుంజలు. వీటి కొసన సింహమో, కోతో, మనిషో ఉంటారు. గుంజ రెండు మీటర్లు దాటుతుంది, కాబట్టి ఇంటి లోపలికి పనికిరాదు.

నాలుగోది చిన్నది, ఇంట్లో పెట్టుకోవడానికి నా లెక్కలో అన్నిటికన్నా మంచిది. అదే రాష్ట్రం ఉత్తర భాగంలో, సుయిదె ప్రాంతంలో, చలికాలం కింద నిప్పు వేసి వెచ్చబెట్టే ఇటుక మంచాలు ఉండేవి. పాకే వయసు పిల్లలు మంచం మీంచి పడిపోకుండా నడుముకు తాడు కట్టి, రెండో కొసను జానెడు రాతి సింహానికి కట్టేవారు. ఇలాంటి దాన్ని చేతిలోకి తీసుకుంటే ముందు కాళ్ల మధ్య ఉన్న కంత లోపల వేలు పెట్టి చూడండి. తాడు ఒరిసిన చోట రాయి గాజులా నున్నగా ఉండాలి. వీపు కూడా చేతులు తగిలి నునుపెక్కి ఉండాలి. అడుగు మాత్రం ఉలి గాట్లతో గరుకుగానే ఉంటుంది. వీపూ, అడుగూ, కంతా మూడూ ఒకే నునుపుతో ఉంటే దాన్ని యంత్రంలో దొర్లించి నున్న చేశారన్నమాట.

రాయిని మీ ఊరి వాతావరణాన్ని బట్టి ఎంచుకోండి. దక్షిణాన ఫుజియాన్ రాష్ట్రం హుయాన్ పనివాళ్లు ఎక్కువగా గ్రానైట్ చెక్కుతారు. అది ఆరుబయట ఎండకూ వానకూ తట్టుకుంటుంది. ఉత్తరాన హెబెయ్ రాష్ట్రం చ్యూయాంగ్ తెల్ల పాలరాతికి పేరు. బూడిద నీలం సున్నపురాయి సింహాలు కూడా ఉత్తరాదివే ఎక్కువ. పాలరాయీ, సున్నపురాయీ ఆమ్లానికి లొంగుతాయి. ఫ్యాక్టరీల పొగ, రద్దీ రోడ్డు దగ్గరుంటే వాటికి పైకప్పు కావాలి. ఇసుకరాయి నేల తేమను పీల్చి పొరలు పొరలుగా రాలుతుంది, దాన్ని పొడి చోట మాత్రమే పెట్టండి.

జత నిజంగా జతేనా?

మగ సింహం ముంగాలి కింద బంతి ఉంటుంది, ఆడ సింహం ముంగాలి కింద పిల్ల ఉంటుంది. మామూలుగా మగదానికి కుడి కాలు, ఆడదానికి ఎడమ కాలు. ఇంట్లోంచి బయటికి చూస్తూ నిలబడితే మగది మీ ఎడమ చేతి వైపు, ఆడది కుడి చేతి వైపు రావాలి. అలా పెడితే బంతి మీది కాలూ, పిల్ల మీది కాలూ రెండూ దారి వైపుకే వస్తాయి. బయటి వైపుకు వచ్చాయంటే తారుమారు చేసి పెట్టారు, లేదా రెండు వేర్వేరు జతల్లోంచి చెరొకటి తెచ్చి కలిపారు. ప్రాంతాన్ని బట్టి తేడాలు ఉంటాయి కాబట్టి ఇదొక్కటే చూసి తిరగ్గొట్టకండి, మిగతా పరీక్షలు కూడా చేయండి. ఒకటి నోరు తెరిచి, ఇంకొకటి మూసుకుని, బంతీ పిల్లా రెండూ లేకపోతే అవి జపాన్ గుడుల ముందుండే కొమాయిను కావచ్చు. అవీ అందమైనవే, కానీ చైనా సింహాల పేరుతో కొనకూడదు.

టేపు తీసుకుని రెండిటినీ ఐదు చోట్ల కొలవండి: మొత్తం ఎత్తు, పీఠం వెడల్పు, కళ్ల మధ్య దూరం, నోటి వెడల్పు, ముంగాలి పొడవు. చేత్తో చెక్కిన జతలో ఎక్కడో ఒకచోట ఐదు మిల్లీమీటర్లో, సెంటీమీటరో తేడా వస్తుంది. బీజింగ్ దగ్గర లుగౌ వంతెన కట్టింది 1189-1192 మధ్య. దాని కంబాల మీద ఐదు వందలకు అటూ ఇటూగా సింహాలున్నాయి, భంగిమలో ఒకటి ఇంకొకదానిలా ఉండదు. జత రెండూ అద్దంలో బొమ్మల్లా కచ్చితంగా సరిపోతే కంప్యూటర్ మిషన్ మీద చెక్కారని అనుకోండి.

తల మీద జుట్టు ముడులు లెక్కపెట్టి, 13 ఉన్నాయి కాబట్టి ఇది పెద్ద అధికారి ఇంటిది అని అమ్మేవాళ్లు చెబుతారు. ముడుల లెక్క హోదాకు గుర్తనే మాట చైనాలో వాడుకలో ఉంది. కానీ ఊరి గుడి సింహాలకు శిల్పి తనకు తోచినన్ని ముడులు పెట్టేవాడు. ఆ లెక్కకు ఎక్కువ ధర ఇవ్వకండి. ముఖం సింహంలా కాకుండా కుక్కలా ఉందని కూడా తీసిపారేయకండి. చైనాలో సింహాలు పుట్టవు. సుమారు రెండు వేల ఏళ్ల కిందటి హాన్ వంశం కాలంలో పడమటి రాజ్యాల నుంచి కానుకలుగా వచ్చాయి. ఆ తర్వాత చెక్కిన శిల్పుల్లో చాలామంది ప్రాణమున్న సింహాన్ని చూసినవాళ్లు కారు.

రాయిని పరీక్షించడం

తీసుకెళ్లాల్సినవి: మంచి టార్చి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, అతినీలలోహిత కాంతినిచ్చే చిన్న టార్చి, టేపు, సూది, లైటరు, నీళ్ల సీసా. కనీసం ఒక గంట సమయం పెట్టుకోండి. అమ్మేవాళ్లు తొందరపెడితే వెనక్కి వచ్చేయండి.

*అది రాయేనా?* పాలరాతి పొడిని రెజిన్‌లో కలిపి అచ్చు పోసినవి చాలా తిరుగుతున్నాయి. రాయి ముట్టుకుంటే చల్లగా ఉంటుంది, అచ్చు బొమ్మ అంత చల్లగా ఉండదు. చెవుల వెనకా, కాళ్ల పక్కనా అచ్చు అతుకు గీత కోసం వెతకండి. భూతద్దంలో గుండుసూది తలంత గాలి బుడగల గుంటలు కనిపిస్తే అది పోతపోసిందే. అనుమానం తీరకపోతే, అమ్మేవాళ్ల అనుమతితో అడుగు భాగంలో కాల్చిన సూది గుచ్చండి. రెజిన్ అయితే దిగబడుతుంది, ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది.

*ఏ పనిముట్టుతో చెక్కారు?* చీకటి పడ్డాక గానీ, నీడలో గానీ టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు వేయండి. ఉలి గాట్లు లేచి కనిపిస్తాయి. చేతి ఉలి గాట్ల పొడవూ లోతూ మారుతూ ఉంటాయి, ఒంటి వంపును అనుసరించి తిరుగుతాయి. గ్రైండర్ డిస్కు చేసిన కోత వేరు: ఒకే వంపుతో పక్కపక్కనే చాపాలు, జూలు ముడుల మధ్య మూలల్లో అవసరానికి మించి ముందుకు దూసుకుపోయిన సన్నని సరళ రేఖ. పళ్ల మధ్యా, ముక్కు రంధ్రాల్లోనూ లోతుగా చూడండి, ఎందుకంటే పై పని ఎంత శ్రద్ధగా అరగదీసినా అక్కడికి చెయ్యి పోదు. లోపల గుండ్రంగా, ఒకే వ్యాసంతో, గోడ మీద ఉంగరాల్లాంటి గీతలతో రంధ్రం ఉంటే అది కరెంటు డ్రిల్లు పని. దక్షిణాది సింహాల నోట్లో అదే రాతిలోంచి చెక్కిన గుండు దొర్లుతూ ఉంటుంది, బయటికి మాత్రం రాదు. గుండు పైభాగం దొర్లి దొర్లి నున్నబడాలి, నోటి పైకప్పు మాత్రం గరుకుగా ఉండాలి.

తర్వాత పీఠాన్ని వాల్చి అడుగు చూడమని అడగండి. పాతదాని అడుగు చేత్తో చెక్కి వదిలేసినట్టు ఎగుడుదిగుడుగా ఉంటుంది. రంపపు మిషన్‌తో కోసినట్టు నున్నగా, చదునుగా ఉంటే కొత్త దిమ్మలోంచి చెక్కారని, లేదా విరిగిన పాత పీఠాన్ని కోసేశారని అర్థం. రెండిట్లో ఏదైనా ధర తగ్గాల్సిందే.

*అరుగు ఎక్కడ పడింది?* అసలు పరీక్ష ఇదే. ఆరుబయట వందేళ్లు కూర్చున్న పాలరాతి సింహం నడినెత్తి మీద వేలు రాస్తే పంచదార పలుకుల్లా రేణువులు తగులుతాయి, వాన పాలరాతిని కొద్దికొద్దిగా కరిగించడం వల్ల అలా అవుతుంది. అదే సింహం దవడ కింద, వాన తగలని చోట, ఉలి గాటు ఇంకా పదునుగా ఉండాలి. ఆ చోటే నల్లటి పొర గట్టిగా పేరుకుని ఉండవచ్చు. గాలిలోని గంధకం సున్నపు రాతితో కలిసి జిప్సం అవుతుంది, మసిని పట్టుకుంటుంది, కడిగే వాన లేదు కాబట్టి అక్కడే నిలిచిపోతుంది. మనుషులు రోజూ నడిచే దారి వైపు ముక్కు, బంతి, పిల్ల తల చేతి స్పర్శకు నునుపెక్కుతాయి. గోడ వైపు వీపు అలా ఉండదు. అందుకే జతలో రెండు సింహాల అరుగుదల ఒకేలా ఉండదు: ఒకదానికి ఎడమ చెంప, ఇంకొకదానికి కుడి చెంప ఎక్కువ అరిగి ఉంటుంది.

యాసిడ్‌లో ముంచి పాతబరిచినదానికి ఈ తేడా ఉండదు. దవడ కిందా, నడినెత్తీ, వీపూ అన్నీ ఒకేలా మెత్తబడి, సబ్బు కరిగినట్టు ఉంటాయి. రంగు వేసి పాతబరిచినదానికి గోధుమ రంగు గుంటల్లో కన్నా ఎత్తైన చోట్ల ఎక్కువ పట్టి ఉండొచ్చు, ఇది ప్రకృతికి విరుద్ధం. తడి దూది తుడిచి చూడండి. టీ నీళ్లూ, ఎర్రమట్టీ అయితే దూదికి అంటుకుంటాయి.

పచ్చ నాచును నమ్మకండి, పెరుగు పూసి నీడలో ఉంచితే నెలల్లో పడుతుంది. రాతిపువ్వును మాత్రం గౌరవించండి. బూడిద, నారింజ రంగు గుండ్రటి మచ్చలుగా రాతిని కరుచుకుని ఉండే రకం ఏడాదికి మిల్లీమీటరు కూడా పెరగకపోవచ్చు. అరచేతి వెడల్పు మచ్చ ఉందంటే ఆ రాయి చాలా ఏళ్లు కదలకుండా ఆరుబయట ఉందన్నమాట.

*ఎక్కడ అతికారు?* చీకట్లో అతినీలలోహిత టార్చి వేయండి. అతుకులో వాడిన జిగురూ, పూతా చుట్టుపక్కల రాతికి భిన్నంగా వెలుగుతాయి. ఎక్కువగా విరిగేవి చెవులు, కింది దవడ, పిల్ల తల, తోక కొస. వేలి కణుపుతో కొట్టుకుంటూ పోండి. గట్టి రాయి ఖంగుమంటుంది, పగులు ఉన్న చోట డొల్లగా మోగుతుంది. చెవి అతికిన సింహం కొనడం తప్పేమీ కాదు, ఆ సంగతి తెలిసి, ధర తగ్గించి కొనండి. మెడ దగ్గర అతుకు ఉంటే వదిలేయండి, ఎత్తేటప్పుడు తల ఊడి మనుషుల మీద పడుతుంది.

ఇక వయసు. హాన్ కాలంది, టాంగ్ వంశం (618-907) కాలంది అని చెబితే ఆ మాట పక్కన పెట్టండి. షాన్‌డాంగ్ రాష్ట్రం జియాషియాంగ్‌లో వూ కుటుంబ స్మారకాల ముందున్న సింహాల జత క్రీ.శ. 147 నాటిది. అంత పాతవి పెరటి అలంకారానికి దొరికే సరుకు కాదు. సంతకు నిజంగా వచ్చేవి ఎక్కువగా చింగ్ వంశం (1644-1911) చివరి కాలానివీ, ఆ తర్వాతి కొన్ని దశాబ్దాలవీ. అవి చాలు.

కాగితాలు

చైనా 2007లో పెట్టిన నియమం ప్రకారం 1911కి ముందు చేసిన పురావస్తువులను ఆ దేశం నుంచి ఎగుమతి చేయకూడదు. అందుకే నూటయాభై ఏళ్ల జతను నేరుగా చైనా నుంచి పంపిస్తామనే వాళ్ల దగ్గర రెండే దారులు: సరుకు కొత్తదైనా కావాలి, దొంగదైనా కావాలి. చాలా ఏళ్ల కిందటే బయటికొచ్చి యూరప్, అమెరికా, సింగపూర్ సేకరణల్లో ఉన్నవాటిని, పాత వేలం రసీదో, తేదీ ఉన్న ఫొటోనో చూపిస్తేనే తీసుకోండి.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఇంకో మాట. 2009లో చైనాతో కుదిరిన ఒప్పందం కింద టాంగ్ కాలం ముగిసే వరకున్న పురావస్తువులకూ, 250 ఏళ్లు దాటిన పెద్ద శిల్పాలకూ దిగుమతి ఆంక్షలున్నాయి. ఇండియాకు తెచ్చుకునేవాళ్లు 1972 నాటి పురావస్తు చట్టాన్ని గుర్తుంచుకోవాలి. వందేళ్లు దాటిన శిల్పం దాని కిందికి వస్తుంది. రిజిస్ట్రేషన్ సంగతి భారత పురావస్తు శాఖ రిజిస్టరింగ్ అధికారిని ముందే అడగండి. ఒకసారి దేశంలోకి వచ్చాక మళ్లీ బయటికి తీసుకెళ్లడం తేలిక కాదు.

బరువు లెక్క, ఎత్తడం

ఎత్తు, వెడల్పు, లోతు మీటర్లలో గుణించండి. శిల్పం నిండు దిమ్మ కాదు కాబట్టి వచ్చినదాన్ని 0.6తో గుణించండి. దాన్ని 2700తో గుణిస్తే కిలోలు వస్తాయి. 90 సెంటీమీటర్ల ఎత్తు, 35 వెడల్పు, 50 లోతు ఉన్న సింహం సుమారు 255 కిలోలు తూగుతుంది. ఇది నలుగురు చేతులేసి ఎత్తే బరువు కాదు. టన్ను సామర్థ్యమున్న చైన్ కప్పీ, నాలుగు కాళ్ల స్టాండు, వెడల్పాటి నైలాన్ బెల్టులు తెప్పించండి. ఇనుప గొలుసు రాతికి తగలనివ్వకండి. బెల్టు పీఠం కిందుగా పోవాలి, ఛాతీ దగ్గర ఇంకో బెల్టు వాలిపోకుండా పట్టుకోవడానికే. చెవి, బంతి, పొట్ట కింది ఖాళీ, వీటిలో దేన్నీ పట్టి ఎత్తకూడదు.

మేడ మీద పెడదామనుకుంటే ఆగండి. మన ఇళ్ల స్లాబులను మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల వాడుక భారం లెక్కన వేస్తారు. ఇందాక లెక్కేసిన సింహం తన పీఠం మేర మోపే బరువు చదరపు మీటరుకు 1,400 కిలోలు దాటుతుంది. దూలం మీద పడేలా, ఇంజనీరును అడిగి మాత్రమే పెట్టండి.

పునాది

తోటలో సింహం ఒరగడానికి కారణం దాదాపు ప్రతిసారీ పునాదే. 40 × 55 సెంటీమీటర్ల పీఠానికి 70 × 85 గొయ్యి, 35 సెంటీమీటర్ల లోతు తీయండి. అడుగున 20 సెంటీమీటర్లు 40 మిల్లీమీటర్ల కంకర పోసి దిమ్మిస కొట్టండి. దాని మీద 20 సెంటీమీటర్ల కాంక్రీటు, నేలకన్నా ఐదు సెంటీమీటర్లు పైకి తేలేలా. ఒక్కో సింహానికి ఒక బస్తా సిమెంటు, ఒకటిన్నర రెట్లు ఇసుక, మూడు రెట్లు 20 మిల్లీమీటర్ల కంకర సరిపోతాయి. అడుగు నుంచి ఐదు సెంటీమీటర్ల ఎత్తులో 8 మిల్లీమీటర్ల ఊచల జాలీని 15 సెంటీమీటర్ల ఎడంతో కట్టండి. 14 రోజులు తడపండి, 28 రోజులు నిండాక బరువు పెట్టండి.

నల్లరేగడి నేలైతే ఈ లోతు చాలదు. ఆ మట్టి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి పునాదిని ఏటా ఎత్తి దించుతుంది. కనీసం 90 సెంటీమీటర్ల వరకు మట్టి తీసేసి, మొరం 15 సెంటీమీటర్ల పొరలుగా తడిపి దిమ్మిస కొట్టి, ఆ పైన కంకర మొదలుపెట్టండి.

సింహాన్ని కాంక్రీటు మీద నేరుగా పెట్టకండి, సిమెంటుతో అసలే అతికించకండి. సిమెంటులోని లవణాలు తేమతో పాటు రాతిలోకి ఎక్కి, ఎండినప్పుడు స్ఫటికాలై లోపలినుంచి పొరలు రాల్చుతాయి. కాంక్రీటు మీద మందపాటి ప్లాస్టిక్ షీటు, దాని మీద ఐదు సెంటీమీటర్ల గ్రానైట్ పలక వేయండి. చీమకుర్తి పలకైనా, కరీంనగర్ పలకైనా బాగుంటుంది. పలక మీద నాలుగు మూలలా 3 మిల్లీమీటర్ల సీసపు బిళ్లలు పెట్టి సింహాన్ని దించండి. ఎగుడుదిగుడు అడుగుకు సీసం తనే ఒదుగుతుంది, కింద గాలి ఆడుతుంది. మరీ ఊగుతుంటే సున్నం గచ్చు వాడండి, అది తర్వాత ఊడదీయవచ్చు.

గోడకు ఒక జానెడైనా ఎడం ఉంచండి. స్ప్రింక్లర్ నీళ్లు పడే చోటూ, చింత, మామిడి చెట్ల కిందా వద్దు: బోరు నీళ్లు తెల్ల మరకలు, ఆకులు గోధుమ మరకలు వదులుతాయి.

శుభ్రం చేయడం

ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు. మెత్తటి వెంట్రుకల బ్రష్షుతో పొడిగా దుమ్ము దులపండి. ఇంకా కావాలంటే మంచి నీళ్లు, ముందు కింది నుంచి పైకి తడుపుకుంటూ రండి. పైనుంచి మొదలుపెడితే మురికి నీరు పొడి రాతి మీద చారలు కట్టి ఇంకిపోతుంది. నాచు జారుడుగా పెరిగితే చెక్క పుల్లతో తీయండి. రాతిపువ్వును గీకితే దానితో పాటు రాతి పై పొర వస్తుంది, వదిలేయండి.

బాత్రూం యాసిడ్, బ్లీచింగ్, ఇనుప బ్రష్షు, ప్రెషర్ మిషన్, ఇవేవీ దగ్గరికి రానివ్వకండి. చింతపండూ, నిమ్మచెక్కా కూడా అంతే. ఇత్తడి విగ్రహానికి మెరుపునిచ్చే ఆ పులుపే పాలరాతి ముఖాన్ని తినేస్తుంది. భక్తితో నూనె పూసి పసుపు కుంకుమ పెట్టాలనిపిస్తే, దయచేసి రాతి మీద కాకుండా ముందున్న గ్రానైట్ పలక మీద పెట్టండి. పాలరాతిలోకి ఇంకిన నూనెనూ పసుపునూ పూర్తిగా బయటికి తీయడం దాదాపు అసాధ్యం. మెడకు ఎర్ర గుడ్డ కట్టడం చైనాలో ఆచారమే. కట్టేట్టయితే రంగు దిగని గుడ్డ కట్టి, వానాకాలంలో విప్పేయండి.

తెల్లటి ఉప్పు పొంగితే నీళ్లు పోయకండి, ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్షుతో దులిపి, డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టిన తెల్ల కాగితం గుజ్జును రెండు సెంటీమీటర్ల మందాన పూయండి. పూర్తిగా ఆరాక తీసేయండి, ఉప్పు గుజ్జులోకి వస్తుంది. రెండు మూడు సార్లు చేయాల్సి రావచ్చు. మెరుపు కోసం పాలిష్, సీలర్ వేయకండి. లోపలి తేమకు దారి మూసుకుపోయి పై పొర పెంకులా ఊడుతుంది.

న్యూజెర్సీ, షికాగో లాంటి చలి ఊళ్లలో ఇంకో బాధ. పగుల్లోకి దిగిన నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు తొమ్మిది శాతం ఉబ్బి రాతిని చీలుస్తుంది. పునాదిని ఆ ఊరి మంచు దిగే లోతు దాటించండి. శీతాకాలం ముందు గాలి ఆడే గుడ్డ కప్పండి, ప్లాస్టిక్ పట్టా వద్దు. డ్రైవ్‌వేలో మంచు కరగడానికి చల్లే ఉప్పు పీఠం దాకా రాకుండా చూడండి.

ఎప్పుడైనా ముక్క ఊడితే ఇంట్లో ఉన్న ఎపాక్సీతో అతికించే తొందర వద్దు. విరిగిన అంచులు కడగకుండా, తుడవకుండా, ముక్కను మెత్తటి గుడ్డలో చుట్టి, ఏ సింహానిదో ఎక్కడిదో చీటీ రాసి దాచండి. విరిగిన చోటును ఫొటో తీసి, రాతి శిల్పాలు బాగుచేసే నిపుణుడికి చూపించండి.